మోచెయ్యి జారితే

పోయిన వారం మనం బాణాన్ని ఫ్యాక్టరీ క్యాంటీన్ గుమ్మంలో వదిలేసి వచ్చాం. చేతిలో చల్లారిన టీ గ్లాసు, ముఖాన నెత్తురు చుక్క లేదు. రేపటి ఫైనల్‌కి పేర్లు చదివితే అందులో ఆమె పేరు రాలేదు. గాజు సీసాల ఫ్యాక్టరీ ఆడవాళ్ల క్రికెట్ జట్టులో, బౌండరీ దగ్గర నిలబడి బంతిని తిన్నగా కీపరు చేతుల్లోకి పంపగలిగే మనిషి ఆమె ఒక్కతే. ఆ విసురు చూసే ప్యాకింగ్ సెక్షన్‌లో ఆమెకు బాణం అని పేరు పెట్టారు. రేపటి మ్యాచ్ చూడ్డానికి పెద్ద జట్టుకు మనుషుల్ని ఎంచేవాళ్లు వస్తున్నారు. ముప్పై దగ్గర పడుతున్న మనిషికి అలాంటి రోజు మళ్లీ రాదు. పేరు ఎందుకు తీసేశారని అడిగితే, జట్టు బాగోగులు చూసే స్టోర్సాయన సమాధానం చెప్పకుండా సీసాల పెట్టెల వెనక్కి వెళ్లిపోయాడు. కెప్టెన్ మాత్రం చెవి దగ్గరికొచ్చి ఒక్క మాట అంది.

"నిన్న మీ అత్తగారు వచ్చి ఆయనతో మాట్లాడారే."

అక్కణ్ణుంచి ఇంటికి ఎలా వచ్చిందో బాణానికే తెలీదు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో భుజాన సంచిలో ఉన్న బంతిని తడుముతూ నిలబడింది. వీధి మలుపు తిరిగేసరికి అడగాల్సినవన్నీ నోట్లో వరసగా పేర్చుకుని ఉంది. ఈ ఇంట్లో కాపురానికొచ్చి నాలుగేళ్లు. అత్తగారు ఆడపిల్లల బళ్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. కోడలు ఆటకు వెళ్తానంటే వద్దనలేదు, బాగుందనీ అనలేదు. ఒక్కరోజు గ్రౌండుకు వచ్చి చూసింది లేదు. అలాంటి మనిషి నిన్న ఫ్యాక్టరీ దాకా నడిచి వెళ్లి చెప్పి వచ్చిందంటే, నాలుగేళ్లుగా కడుపులో దాచుకున్నదేదో ఉండి ఉండాలి.

తలుపు తీసే ఉంది. ముందుగదిలో భర్త బల్ల ముందు కూర్చుని ఎవరివో కళ్లద్దాలకు మర బిగిస్తున్నాడు. అతను పనిచేసేది కళ్లద్దాల షాపులో. పక్కింటివాళ్లవీ ఎదురింటివాళ్లవీ ఇంటికి తెచ్చుకుని మరీ బాగుచేసి పెడుతుంటాడు. షాపు మూసే వేళ ఇంకా కాలేదు, ఇతనప్పుడే ఇంటికెలా వచ్చాడా అన్న ఆలోచన ఆమెకు రాలేదు.

"వచ్చేశావా? ముందు మంచినీళ్లు తాగు," అన్నాడు ఆమె ముఖం చూసి, లేచి దారిలో నిలబడి.

"అడ్డు లే."

"అమ్మతో తర్వాత మాట్లాడొచ్చు. కాస్త నెమ్మదించు."

"ఏం మాట్లాడబోతున్నానో నీకెలా తెలుసు?"

అతను పక్కకు తప్పుకున్నాడు.

వంటింట్లో అత్తగారు పీట మీద కూర్చుని బీన్స్ తుంచుతున్నారు. కుడిచెయ్యి ఎప్పట్లాగే ఒళ్లో పెట్టుకుని, వేళ్లు మాత్రం కదిలిస్తూ. ఆ చెయ్యి రొమ్ము కన్నా పైకి లేవదు. బాత్రూంలో జారిపడితే అలా అయిందని బాణం పెళ్లైన కొత్తల్లోనే విన్నది. అప్పట్నుంచీ ఆవిడకు తల దువ్వి జడ వేసేది ఈమే.

"స్టోర్సాయనతో ఏం మాట్లాడారు అత్తయ్యా?"

"ఆయన నీకు చెప్పలేదా?"

"చెప్పలేదు. నా పేరు తీసేశాడు."

బీన్స్ తుంచే చప్పుడు ఆగిపోయింది. "తీసేశాడా?"

"మీరేమీ తెలీనట్టు అడక్కండి. తీసెయ్యమని చెప్పొచ్చింది మీరే కదా."

"తీసెయ్యమని నేను అనలేదు. లోపల, వికెట్లకు దగ్గర్లో నిలబెట్టమన్నాను. బౌండరీ దగ్గర మాత్రం వద్దన్నాను."

"ఎందుకు వద్దు?"

"నీ మోచెయ్యి జారుతోంది కాబట్టి."

బాణానికి నవ్వొచ్చింది. సంతోషం లేని నవ్వు. "నా ఆట మీరెప్పుడు చూశారని?"

"సెమీఫైనల్ చూశాను. గోడ అవతల, స్కూటర్లు పెట్టేచోట నిలబడి." ఆవిడ గిన్నె పక్కకు జరిపారు. "అంతకు ముందూ రెండుసార్లు చూశాను."

బాణం నోట్లో పేర్చుకుని తెచ్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. చూడ్డానికి వచ్చి, వచ్చానని చెప్పకుండా, గోడ అవతల నిలబడి వెళ్లిపోవడం ఏం మనస్తత్వమో ఆమెకు అంతుబట్టలేదు. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది.

"చూస్తే తెలిసే ఉంటుంది. ముగ్గుర్ని రనౌట్ చేశాను ఆ రోజు. మ్యాచ్ గెలిపించింది ఈ చెయ్యే."

"ఆ చేతినే చూశాను. మూడో రనౌట్ చేసి అందరూ నీ మీదకు ఉరికొస్తుంటే, నువ్వు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నావు. చిటికెనవేలూ దాని పక్క వేలూ నలుపుకున్నావు. ఎన్నాళ్లనుంచీ ఆ తిమ్మిరి?"

బాణం కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఆ సంగతి భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నెల కిందట మొదలైంది. నాలుగు బంతులు గట్టిగా విసిరితే చాలు, మోచేతి లోపలి వైపు సన్నగా మంట పుట్టి, ఆ రెండు వేళ్లూ తనవి కానట్టు అయిపోతాయి. భర్త రోజూ మందు రాసి మర్దన చేస్తున్నాడు.

"చెయ్యి మీద పడి నిద్రపోయాను. అంతే," అంది.

అత్తగారు ఆ అబద్ధాన్ని పట్టించుకోలేదు. ఎడమచేత్తో గోడ పట్టుకుని లేచారు.

"ఇంకా వెలుగుంది. పద పెరట్లోకి. నా కళ్లముందు నీ మోచెయ్యి నిలబడితే నేనే ఆయనకు ఫోన్ చేసి చెప్తాను, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోమని."

"నిలబడకపోతే?"

"అప్పుడేం చెయ్యాలో నువ్వే చెప్పు. నేను చెప్పను."

పెరడంటే పెద్దదేం కాదు. ఇంటి వెనక గచ్చు, ఆ తర్వాత కాస్త మట్టినేల, చివర ప్రహరీగోడ. ఈ కొస నుంచి ఆ కొసకు బట్టలారేసే తాడు. అత్తగారు ఆరిన బట్టలు లాగి గచ్చు మీద పడేశారు. గోడకు బోర్లించిన బకెట్టు ఆనించారు. తాడు ఒక కొస విప్పించి, బాణాన్ని గోడకు ఎదురుగా నిలబెట్టి, ఆమెకు కుడిపక్కన, చంకకు కాస్త పైన ఉండేలా మళ్లీ కట్టించారు.

"నీ చేత్తోనే కట్టు. తర్వాత నేను ఎత్తుగా కట్టానని అనకుండా."

బాణం బిగించి కట్టింది. తాడుకు నాలుగైదు ప్లాస్టిక్ క్లిప్పులు మిగిలి ఉన్నాయి.

"విసిరేటప్పుడు మోచెయ్యి ఈ తాడు మీదుగా పోవాలి. భుజం ఎత్తున ఉంటే తాడుకు తగలదు. జారితే తగులుతుంది. నేను చెప్పక్కర్లేదు, నువ్వు చెప్పక్కర్లేదు. కొట్టు బకెట్టుని."

బాణం సంచిలోంచి బంతి తీసింది. చూపుడువేలూ మధ్యవేలూ కుట్టుకు అడ్డంగా వేసి, బొటనవేలు కింద ఆనించింది. ఎడమభుజం గోడవైపు తిప్పింది. ఒక అడుగు, చిన్న గెంతు, విసురు. బకెట్టు ఠంగుమని ఎగిరిపడింది. తాడు కదల్లేదు.

ఆమె తిరిగి చూసింది. అత్తగారి ముఖంలో మెచ్చుకోలు లేదు, తప్పు పట్టడమూ లేదు. "ఇంకోటి," అన్నారు.

ఇంకోటీ వేసింది, ఆ తర్వాతదీ వేసింది. బంతి గోడకు కొట్టుకుని మట్టిలో దొర్లుతూ వెనక్కి వస్తోంది, ఆమె వంగి ఏరుకుంటోంది, ఊపిరి తీసుకోకుండా విసురుతోంది. ప్రతి బంతీ ఒక మాటలా పోతోంది. చూశారా. చూశారా. మేడమీద అద్దెకున్నావిడ పిట్టగోడ మీంచి తొంగిచూసింది.

"గోడ పడగొడుతున్నారా టీచరుగారూ?"

"లేదమ్మా, ఎంత గట్టిదో చూస్తున్నాం," అన్నారు అత్తగారు తలెత్తకుండానే.

పైనావిడ వెళ్లిపోలేదు. మోచేతులు ఆనించి స్థిమితంగా నిలబడింది. బాణానికి ఒళ్లు మండింది. ఇంకా బలంగా విసిరింది. ఇప్పుడు వేగం పెరిగిందని ఆమెకే అనిపించింది. సరిగ్గా ఆ విసురుకే తాడు ఝల్లుమంది. క్లిప్పులు గలగలమన్నాయి. బంతి బకెట్టు పక్కనుంచి గోడకు తగిలింది.

అది మట్టిలో దొర్లుకుంటూ వచ్చి బాణం కాళ్ల దగ్గర ఆగింది.

"చెమటకు జారింది," అంది బాణం. చెయ్యి చీరకొంగుకు తుడుచుకుంది.

"సరే. మళ్లీ వెయ్యి."

మళ్లీ వేసింది. తాడు మళ్లీ ఝల్లుమంది. దాని తర్వాతి విసురుకు తగల్లేదు. ఆ తర్వాత వరసగా మూడుసార్లు తగిలింది, మూడోసారికి ఒక క్లిప్పు ఊడి మట్టిలో పడింది. మోచేతి లోపల మంట మొదలైంది. బాణం పళ్లు బిగబట్టి అది ముఖంలో కనపడకుండా చూసుకుంది.

"ఆగు," అన్నారు అత్తగారు. దగ్గరకొచ్చి వంగి ఆమె ఎడమపాదం కేసి చూశారు. "ఈ పాదం ఎటు చూస్తోంది?"

బాణం కిందకు చూసింది. పాదం గోడవైపు లేదు. అడ్డంగా, తాడువైపు పడి ఉంది.

"తప్పు చేతిది కాదు. దీనిది. అలిసిపోయినా, తొందర పడినా, కోపం వచ్చినా నీ పాదం అడ్డం పడుతుంది. అది అడ్డం పడితే నడుము తిరగడానికి దారుండదు. నడుము చెయ్యాల్సిన పని భుజం నెత్తిన పడుతుంది. భుజం ఎంతకని మోస్తుంది? అది మోచేతి మీదకు తోస్తుంది. ఇంట్లో ఒకళ్లు పని ఎగ్గొడితే ఆఖరికి ఎవరో ఒకళ్లు చాకిరీ చెయ్యాలి కదా. నీ ఇంట్లో చాకిరీ అంతా మోచెయ్యి చేస్తోంది."

మేడమీద నుంచి చిన్నగా నవ్వు వినపడింది. బాణానికి ఆ నవ్వు ఎక్కడో గుచ్చుకుంది.

"తడిసిన దుప్పటి దులుపుతావు చూడు," అత్తగారు చెప్పుకుపోతున్నారు. "చెయ్యి ఎంత కదుల్తుంది? జానెడు. దుప్పటి చివర మాత్రం ఫట్‌మంటుంది. బంతి కూడా అంతే. నేలను తన్నిన బలం మోకాలికి, మోకాల్నుంచి నడుముకి, నడుమునుంచి భుజానికి పోవాలి. చేతి వంతు అందరికన్నా ఆఖర్న. నువ్వు దాన్ని అందరికన్నా ముందు లేపుతున్నావు."

"మీరు బళ్లో చిన్నపిల్లలకు చెప్పారు అత్తయ్యా ఇవన్నీ. గ్రౌండులో బ్యాటు పట్టుకున్నవాళ్లు పరుగెత్తుతుంటే పాదం ఎటుందో చూసుకుంటూ కూర్చుంటామా?"

"కూర్చోవు కాబట్టే ఇక్కడ అలవాటు కావాలి."

"అయితే మీరొకటి విసిరి చూపించండి." ఆ మాట నోటినుంచి జారాకగానీ అదెంత పదునుగా ఉందో బాణానికి తెలీలేదు. జారింది కాబట్టి వెనక్కి తీసుకోలేదు. బంతి ఆవిడవైపు చాపింది. "చూసి నేర్చుకుంటాను."

మేడమీద ఆవిడ పిట్టగోడ దగ్గర్నుంచి మెల్లిగా వెనక్కి తగ్గింది.

అత్తగారు బంతి అందుకున్నారు. చూడకుండానే వేళ్లు కుట్టుకు అడ్డంగా వెళ్లి కూర్చున్నాయి. ఎడమపాదం గోడవైపు తిన్నగా వేశారు, ఎడమచెయ్యి బకెట్టుకేసి చాపారు. ఆ నిలబడ్డ తీరు చూసి బాణం ఊపిరి బిగబట్టింది. అరవై దాటిన మనిషి ఒళ్లు కాదది. తర్వాత కుడిచెయ్యి లేచింది. నడుము దాటింది, రొమ్ము దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. భుజం వణికింది. చెయ్యి ఇంకో వేలెడు కూడా పైకి రాలేదు.

"ఇంతవరకే వస్తుంది," అన్నారు ఆవిడ. చెయ్యి దించలేదు.

"అత్తయ్యా, వదిలెయ్యండి. నేనేదో అన్నాను. మీరు బాత్రూంలో పడ్డారు, దానికీ దీనికీ ఏం సంబంధం?"

"బాత్రూంలో నేను పడలేదు."

ఆవిడ చెయ్యి దించి బంతిని బాణం చేతిలో పెట్టి, వెళ్లి గచ్చు అంచున కూర్చున్నారు. కోడలు నిలబడే ఉంది.

"నీకన్నా చిన్నదాన్ని అప్పుడు. కాలేజీ జట్టులో ఆడి, ఆ పైన పెద్ద జట్టులోకి వెళ్లాను. బౌండరీ దగ్గర్నుంచి విసిరితే మా కీపరు గ్లౌజు విదిలించుకునేది. మోచెయ్యి జారుతోందని ఒక్కళ్లూ చెప్పలేదు. బంతి బాగా పోతోంది కదా, ఎవరు చెప్తారు? ముందు వేళ్లు తిమ్మిరెక్కాయి. చిటికెనవేలు, దాని పక్కది. తర్వాత మోచెయ్యి. దాని నొప్పి తప్పించుకోవడానికి భుజంతో తోసి విసిరాను, రెండు సీజన్లు. ఒకరోజు విసిరాక చెయ్యి కిందకు దిగింది, మళ్లీ పైకి రాలేదు. ఆపరేషన్ చేస్తే ఈపాటిది మిగిలింది."

"మరి బాత్రూంలో పడ్డారని..."

"పెళ్లయ్యేసరికే చెయ్యి ఇలా ఉంది. మా అత్తగారు అడిగారు, ఏమైందని. ఆడపిల్ల మగరాయుడిలా బంతులు విసిరి చెయ్యి విరగ్గొట్టుకుందని తెలిస్తే, జన్మంతా వచ్చేపోయేవాళ్లకు చెప్పి నవ్వేది ఆవిడ. బాత్రూం అని చెప్పాను. అది ఎవరికీ నవ్వు రాని అబద్ధం." ఆవిడ మట్టిలోని క్లిప్పు తీసి చీరకు తుడిచారు. "మా ఆయనక్కూడా అదే చెప్పాను. ఒకసారి చెప్పాక మార్చడం కుదరదు."

బాణం ఆవిడ పక్కన కూర్చుంది. నాలుగేళ్లుగా ఆదివారం ఆదివారం ఆ తల దువ్వుతూ, ఆ భుజం పక్కనే చెయ్యి పెట్టుకుని, ఒక్కసారీ ఇంకో ప్రశ్న అడగలేదు తను. అడిగి ఉంటే ఆవిడ చెప్పి ఉండేవారా? ఏమో.

"ఇదంతా నాకు ముందే చెప్పొచ్చు కదా," అంది చివరికి.

"చెప్తే ఆడొద్దంటున్నాననుకుంటావు. నువ్వు ఆడాలి. అందుకే నీతో కాకుండా ఆయనతో చెప్పాను. అది తప్పే. ఏదీ, వేళ్లిటు చూపించు."

బాణం కుడిచెయ్యి చాపింది. అత్తగారు చిటికెనవేలి కొన గిల్లారు. "తెలుస్తోందా?"

"తెలుస్తోంది. కొంచెం దూరంగా ఉన్నట్టు."

"ఇంకా తెలుస్తోంది కదా. అది చాలు. లే. మెల్లిగా వేద్దాం. బకెట్టు సంగతి మర్చిపో. పాదం చూసుకో."

ఈసారి విసురులో కసి లేదు. అత్తగారు చెప్పు తీసి గోడవైపు ముక్కు ఉండేలా నేలమీద పెట్టారు, ఎడమపాదం దాని పక్కనే, దానిలాగే పడాలని. బాణం బంతి పట్టింది. అడుగు, చిన్న గెంతు. పాదం తిన్నగా పడింది. పడగానే నడుము దానంతటదే తిరగడం ఆమెకు తెలిసింది, తలుపు తీసినట్టు. వెనకాలే భుజం వచ్చింది. చెయ్యి ఎక్కడుందో చూసుకునే లోపే బంతి వెళ్లిపోయింది, చెయ్యి ఎడమమోకాలి దాకా వాలింది. బకెట్టు పక్కకు దొర్లలేదు. గోడకు అతుక్కుని చొట్టపడింది. మోచేతిలో మంట లేదు.

తను ఏం బలం పెట్టిందని? ఏమీ పెట్టలేదు.

మళ్లీ వేసింది, మళ్లీ. మధ్యలో ఒకటి తప్పింది, క్లిప్పులు గలగలమన్నాయి. ఎందుకు తప్పిందో ఈసారి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. బకెట్టు అంచు కనపడనంతగా వెలుగు తగ్గాక అత్తగారు చాలన్నారు.

"అలవాటు ఒక్క సాయంత్రంలో పోదు. రేపు హడావిడిలో పాదం మళ్లీ అడ్డం పడుతుంది. పడిందని తెలిసిన మరుక్షణం కీపరుకు కొట్టొద్దు. దగ్గరున్నవాళ్లకు అందించెయ్యి. ఇవ్వాల్సిన పరుగు ఇచ్చెయ్యి. ఆ మాట ఇస్తే ఫోన్ చేస్తాను."

ఇవ్వాల్సిన పరుగు ఇచ్చెయ్యడమంటే బాణానికి ప్రాణం పోయినట్టే. పెద్ద జట్టువాళ్లు చూస్తుండగా, చేతికొచ్చిన రనౌట్ వదులుకోవడం. ఆమె వెళ్లి తాడు పట్టుకుంది. తాడు ముడి విప్పుతూ అంది, "ఇస్తాను. కానీ రేపు మీరు స్కూటర్ల దగ్గర నిలబడకూడదు. లోపలికొచ్చి కూర్చోవాలి."

అత్తగారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారంటే, "కుర్చీ ఉంటే కూర్చుంటాను," అన్నారు.

వంటింట్లోకి వచ్చి లైటు వేశారు. ఫోను గట్టు మీద పెట్టి, ఎప్పట్లాగే స్పీకరు ఆన్ చేశారు. రెండుసార్లు మోగాక స్టోర్సాయన గొంతు వినిపించింది, వెనకాల టీవీ చప్పుడుతో.

"నమస్కారం టీచరుగారూ."

"నమస్కారం. మా అమ్మాయి పేరు తీసేశారట. నేను మీకు చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి?"

టీవీ చప్పుడు ఆగిపోయింది. "మీరు చెప్పినట్టే లోపల నిలబెడదామనుకున్నానండీ. కెప్టెన్‌తో కూడా ఆ మాటే అన్నాను. తీసింది మీ మాట మీద కాదు."

"మరి ఎవరి మాట మీద?"

అవతల ఆయన ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "మీకు ఇంకా చెప్పలేదాండీ ఇంట్లో? అయితే నేనే నోరు జారినట్టున్నాను. మీ అబ్బాయి ఇవాళ పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గరకొచ్చి కలిశాడు. కోడలు నీళ్లోసుకుందనీ, ఇంకా బయటికి చెప్పుకోలేదనీ, పదిమందిలో అడిగితే తనకు సిగ్గుగా ఉంటుంది కాబట్టి ఏమీ అడక్కుండా పేరు తప్పించమనీ చెప్పాడు. శుభమా అని చెప్తే నేను కాదంటానా? అందుకే అమ్మాయి నిలదీస్తే ముఖం చూడలేక లోపలికి వెళ్లిపోయాను. ఏమనుకోకండి. తనకు నా ఆశీస్సులు చెప్పండి."

అత్తగారు ఫోను పెట్టేశారు. మెల్లిగా కోడలివైపు తిరిగారు. ఆ కళ్లలో ఆశ్చర్యం వెనక నుంచి వేరే ఏదో పైకి రావడం బాణం చూసింది. నాలుగేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా అడగని ప్రశ్న. ఆ సంతోషం ముఖమంతా పరుచుకునే లోపే ఆపాలి. బాణం తల అడ్డంగా ఊపింది.

"లేదత్తయ్యా. నెలసరి మొన్ననేగా అయింది. ఏమీ లేదు."

ఆవిడ ముఖం మళ్లీ మామూలైపోయింది. అంత తొందరగా మామూలవడం చూడలేక బాణం చూపు పక్కకు తిప్పుకుంది.

"మరి వాడెందుకలా చెప్పాడు?" అన్నారు అత్తగారు నెమ్మదిగా.

రాత్రుళ్లు పక్కన కూర్చుని మోచేతికి మందు రాసిన మనిషి. ఒక్కరోజూ ఆట మానెయ్యమని అనని మనిషి. పొద్దున తనకన్నా ముందే బయల్దేరుతుంటే, ఇంత పెందరాళే ఎక్కడికని అడిగితే, షాపులో సరుకు దిగుతోందని చెప్పి చెప్పులేసుకున్నాడు.

బాణం వంటింటి గుమ్మం దాటింది. వెనక అత్తగారి అడుగులు వినపడ్డాయి, కానీ ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ముందుగదిలో అతను బల్ల ముందు అలాగే వంగి ఉన్నాడు. దీపం కింద కళ్లద్దాలు విప్పి రెండు ముక్కలుగా పెట్టుకుని, సన్నని స్క్రూడ్రైవరు పట్టుకుని.

ఆమె వెళ్లి బల్లకు ఇవతల నిలబడింది.

"నాకిప్పుడు ఎన్నో నెల?" అంది.

స్క్రూడ్రైవరు ఆగింది. అతను తలెత్తి, ఆమెను దాటి గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూశాడు. ఏమిటని మాత్రం అడగలేదు. లేచి, వీధి తలుపు గడియ వేసి వచ్చి, "కూర్చోండి ఇద్దరూ," అన్నాడు.